మన పలకకు నంబరు ఎవరు వేయాలి?

చంద్రగిరి రాజమహల్ మ్యూజియానికి పోయి చూడండి. రాతి విగ్రహాలున్నాయి, కంచు విగ్రహాలున్నాయి. వాటికి లెక్క ఉంది, కాపలా ఉంది. మంచిదే. మరి బావిలోంచి నీళ్లు తోడి ఊరందరి మళ్లు తడిపిన కపిలబాన ఎక్కడ? ఆ తోలు కుట్టిన ఆరె, రంపి ఎక్కడ? వెంకటగిరికోట, కుప్పం, పుంగనూరు పల్లెల్లో పాకమూలన పడి చెదలకు మేతవుతున్నాయి.

"చావుకు పలక కొట్టమని ఎదురు తిరిగినోళ్లం కదా సార్, మళ్లీ ఆ పలకనే అద్దాల పెట్టెలో పెట్టి మొక్కాలా?" అని మన కుర్రోళ్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. మొక్కడానికి కాదు తమ్ముళ్లారా, సాక్ష్యానికి. పలక కింద 'జానపద వాయిద్యం' అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే అది మోసం. ఎవరు కొట్టినారు, ఎవరు కొట్టించినారు, కూలి ఎంతిచ్చినారు, ఏ ఏడు కొట్టమని మానేసినారు - ఇదంతా రాస్తేనే అది చరిత్ర.

మన పక్కనే కోలార్ బంగారు గనులు. 1880లో మొదలై 2001 ఫిబ్రవరి 28న మూతపడినాయి. మన చిత్తూరు జిల్లా నుంచి, ఉత్తర ఆర్కాడు నుంచి పోయిన దళితులే ఎక్కువగా ఆ పాతాళంలో దిగినారు. వేలిముద్రలు తీసుకునే పద్ధతి మీద 1930లో సమ్మె కట్టినారు. బంగారం ఎవరింటికి పోయిందో అందరికీ తెలుసు. గనిలో దిగిన తాత దీపం, జీతం చీటీ ఎవరింట్లో ఉన్నాయో ఎవరైనా లెక్క రాసినారా?

కాగితం సంగతి ఇంకా ఘోరం. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయినాయి. విచారణ సి.ఐ.డి. దాకా పోయింది. సర్కారు బీరువాకే దిక్కు లేనప్పుడు మన ట్రంకుపెట్టెలోని డీకేటీ పట్టాను ఎవరు కాపాడతారు?

2024 జనవరి 19న విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. సంతోషం. కానీ బాబాసాహెబ్ బిడ్డల చరిత్ర మండలానికొక గదిలోనైనా భద్రంగా ఉండొద్దా?

గది వచ్చేదాకా కాచుకోనక్కర్లేదు. ముందు ఒక రిజిస్టరు పెట్టండి. బడి హాజరుపట్టీ రాయగలిగినోళ్లు ఇదీ రాయగలరు. నంబరు, సామాను పేరు, ఊరు, చేసినోళ్లు, వాడినోళ్లు, ఇచ్చినోళ్లు, తేదీ, ఇప్పుడెట్లుంది, దాని కథ. అవ్వల మాట కూడా రాయండి, మగోళ్ల మాటే కాదు. అన్ని పల్లెల్లో ఇవే గడులు ఉండాలి. అప్పుడే కోటలో ఉన్నది కుప్పమోళ్లకు తెలుస్తుంది. రెండు ప్రతులు రాసి రెండు చోట్ల దాచండి.

నంబరును సామాను మీద రంగుతో రాయొద్దు. నూలు దారంతో చీటీ కట్టండి. తోలుకు నూనె, వార్నిష్ పూయొద్దు. ప్లాస్టిక్ సంచిలో చుట్టొద్దు, చెమ్మపట్టి బూజొస్తుంది. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, ఎండ తగలకుండా, నేల మీద కాకుండా అటక మీద పెట్టండి. వానలు పోయినాక విప్పి పురుగు చూడండి. పాత కాగితాలకు లామినేషన్ వద్దు, సెల్లోటేపు వద్దు.

ఇక సర్కారు వంతు. పెద్ద మ్యూజియాల జాబితాల కోసం పుణె సి-డాక్ 'జతన్' అనే కంప్యూటరు పద్ధతి తయారు చేసింది. అట్లాంటిది మన రిజిస్టర్లకూ అందాలి. పురావస్తు శాఖ, కుప్పంలోని ద్రావిడ విశ్వవిద్యాలయం కలిసి మన పిల్లలకు భద్రపరిచే పని నేర్పాలి. నేర్పడానికి రండి, ఎత్తుకుపోవడానికి రావొద్దు. అమరావతి బౌద్ధ శిల్పాలు 1845లో తవ్వి మద్రాసు తీసుకుపోయినారు. అక్కడ ఏండ్ల తరబడి ఎండకు, వానకు వదిలేసి, 1859లో లండన్ పంపినారు. ఇయ్యాల మన బుద్ధుణ్ణి చూడాలంటే బ్రిటిష్ మ్యూజియానికి పోవాల్సి వస్తోంది.

వచ్చే ఏప్రిల్ 14న దండలతో పాటు ప్రతి కాలనీలో ఒక రిజిస్టరు తెరవండి. మొదటి గడిలో మీ తాత పేరు, అవ్వ పేరు రాయండి. మనం రాయకుంటే వాళ్ల పేర్లు ఇంకెవరూ రాయరు.

జై భీమ్!