పొయ్యి వెలిగించని ఫలహారం

"వండే పని లేకుండా ఒంటికి బలమిచ్చే ఫలహారం ఏదైనా ఉంటే చెప్పండి డాక్టరుగారూ" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. వీళ్ళలో అద్దెగదిలో ఒంటరిగా ఉండే కుర్రాళ్ళున్నారు. తెల్లారకుండానే బస్సెక్కే ఉద్యోగినులున్నారు. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక తగ్గిన పెద్దవాళ్ళూ ఉన్నారు. అందరికీ నేను చెప్పే సమాధానం ఒకటే: నానిన శనగలు, నాలుగు రకాల కూరగాయ ముక్కలు, ఒక నిమ్మచెక్క.

ఇదేదో దొరల దగ్గర నేర్చుకున్న 'సలాడ్' అనుకోకండి. శ్రీరామనవమినాడు మనం చేసే వడపప్పు ఏమిటి? నానిన పెసరపప్పు, దోసకాయ ముక్కలు, మామిడికాయ కోరు, కాస్త కొబ్బరి. పొయ్యి ముట్టించే పనే లేదు. కన్నడిగులు దాన్నే కోసంబరి అంటారు. శ్రావణమాసంలో ముత్తయిదువులకు వాయనంగా ఇచ్చేవి నానిన శనగలే. అంటే ఈ విద్య మనకు కొత్తది కాదు. ఏడాదికి రెండుసార్లు చేసేదాన్ని వారానికి నాలుగుసార్లు చేసుకోమంటున్నాను, అంతే.

అయితే ఒక్క సంగతి. ఇంట్లో పొయ్యి రెండు పనులు చేస్తుంది. గింజను మెత్తబరచడం ఒకటి. ఇది మనకు తెలుసు. గింజమీద, ఆకుమీద, నీళ్ళలో ఉన్న సూక్ష్మక్రిములను చంపడం రెండోది. ఇది మన కంటికి కనిపించదు. పొయ్యి వెలిగించనప్పుడు మొదటి పని నానబెట్టిన నీళ్ళు కొంతవరకు చేసిపెడతాయి. మరి రెండో పని ఎవరు చెయ్యాలి? మీరే చెయ్యాలి. అది మరిచిపోయి చేసిన పచ్చి ఫలహారం బలం మాట అటుంచి, మంచం పట్టిస్తుంది.

ఇందులో ఏముంది?

బట్టల షాపులో పనిచేసే ఒకావిడ నీరసమనీ, మెట్లెక్కితే ఆయాసమనీ వచ్చింది. పొద్దున ఒక టీ, పదకొండింటికి మరో టీ, రెండింటికి ఇంత అన్నం, పచ్చడి. ఇదీ ఆమె భోజనం. రక్తపరీక్షలో హీమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది. స్త్రీలకు కనీసం 12 ఉండాలి. పొద్దున ఏదైనా వండుకుని తినమ్మా అన్నాను. "వండుకునే తీరికే ఉంటే ఇంతదాకా ఎందుకొస్తానండీ?" అంది. ఆమె మాటలో అబద్ధం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ పరిస్థితి దాదాపు అంతే.

వంద గ్రాముల ఎండు శనగల్లో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులుంటాయి. ఒక మనిషికి 30 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు నానబెడితే 5 గ్రాములకు పైగా వస్తాయి. కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములు. గుడ్డు తినని ఇళ్ళలో ఇది తక్కువ మాటేం కాదు. పైగా శనగల్లో పీచు ఎక్కువ. రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పెంచవు. అంచేత మధుమేహం ఉన్నవాళ్ళకూ మంచివే.

శనగల్లో ఇనుము కూడా ఉంది. కాకపోతే గింజల్లోని ఇనుము మన ఒంటికి సులువుగా పట్టదు. దాన్ని పట్టించేది నిమ్మరసంలోని 'సి' విటమిన్. పట్టకుండా అడ్డుకునేది టీ, కాఫీ. అందుకే నిమ్మచెక్క రుచికోసమే కాదు, పిండక తప్పదు. తిన్న తరువాత గంటసేపు టీ, కాఫీల జోలికి పోకండి.

ఇక్కడొక హెచ్చరిక. హీమోగ్లోబిన్ 8 ఉన్న మనిషికి గుప్పెడు శనగలు మందు కాదు. ఆమెకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు కావాలి. కడుపులో పురుగులున్నాయేమో, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో చూడాలి. శనగలు మాత్రకు తోడేగాని మాత్రకు బదులు కాదు.

చేసే విధానం

రాత్రి పడుకోబోయే ముందు, మనిషికొక చిన్న గుప్పెడు చొప్పున శనగలు ఏరి, రెండు మూడు నీళ్ళలో కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళలో నానబెట్టండి. నీళ్ళు గింజలకు మూడింతలు ఉండాలి. మూత పెట్టండి. 8 నుంచి 10 గంటలు చాలు. ఎండాకాలంలో ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి. లేకపోతే మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చండి. పొద్దున నురగ కట్టి పులిసిన వాసన వేస్తుంటే ఆ గింజలు పారెయ్యండి.

నానిన నీళ్ళు వంపేసి, మళ్ళీ కాచి చల్లార్చిన నీళ్ళతో కడగండి. "శనగలు వాతం చేస్తాయి" అని పెద్దలంటారు. అందులో నిజముంది. శనగల్లోని కొన్ని రకాల చక్కెరలను మన పేగులు అరిగించుకోలేవు. అవి పెద్దపేగులోకి దిగి, అక్కడ పులిసి, గ్యాసవుతాయి. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే ఈ చక్కెరలు కొన్ని ఆ నీళ్ళతోనే పోతాయి. అలవాటు లేనివాళ్ళు రెండు చెంచాలతో మొదలుపెట్టి, వారం పదిరోజుల్లో గుప్పెడుకు రండి.

ఇప్పుడు ఒక కీరదోసకాయ, ఒక టమాటా, ఒక చిన్న ఉల్లిపాయ సన్నగా తరగండి. ఒక కేరట్ తురమండి. కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లం మీ ఇష్టం. పచ్చిమామిడి దొరికే రోజుల్లో రెండు చెంచాల కోరు వేస్తే మరీ బాగుంటుంది. దోసకాయ ఏదైనా సరే, తరిగేముందు చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారెయ్యండి. ఆ చేదు కడుపుకు హాని చేస్తుంది.

శనగలు, ముక్కలు కలిపి చిటికెడు ఉప్పు, మిరియాల పొడి చల్లి, నిమ్మచెక్క పిండండి. ఉప్పు తినేముందే వేయాలి. ముందే వేస్తే ముక్కలు నీళ్ళు వదిలేస్తాయి. పది నిమిషాల పని.

ఉడికితే ఇంకా మంచిది

పచ్చి గింజలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థాలు కొన్ని ఉంటాయి. నానితే అవి కొంత తగ్గుతాయి, ఉడికితే చాలావరకు నశిస్తాయి. అందుకని పచ్చివి గుప్పెడు దాటకండి. ఎక్కువ తినాలనుకుంటే ఒక ఉపాయముంది. రాత్రి అన్నానికి కుక్కర్ పెట్టినప్పుడు, పప్పుగిన్నెతోబాటు నానిన శనగల గిన్నె కూడా అందులోనే పెట్టెయ్యండి. వేరే గ్యాస్ ఖర్చు లేదు, వేరే పనీ లేదు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెడితే పొద్దున ముక్కలు కలుపుకోవడమే తరువాయి. విదేశాల్లో చదువుకునే మన పిల్లలకు డబ్బాల్లో కాబూలీ శనగలు దొరుకుతాయి. అవి ఉడికించినవే. డబ్బాలో నీళ్ళు వంపేసి, ఒకసారి కడిగి వాడుకుంటే అందులోని ఉప్పు కొంత పోతుంది.

చిన్నపిల్లలు, గర్భిణులు, అరవై దాటినవాళ్ళు, కేన్సర్ మందులు వాడుతున్నవాళ్ళు ఉడికినవే తినాలి. అయిదేళ్ళలోపు పిల్లలకు ఉడికినవైనా మెదిపి పెట్టండి. గుండ్రటి గింజ గొంతులో పడి ఊపిరాడకపోతే ఆస్పత్రికి చేరే వ్యవధి ఉండదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు తమ డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

శనగలకు బదులు రాజ్మా వాడదామని ఎవరైనా అనుకుంటారేమో, పొరపాటున కూడా ఆ పని చెయ్యకండి. రాజ్మా గింజలు పచ్చివి నాలుగయిదు తిన్నా తీవ్రమైన వాంతులు పట్టుకుంటాయి. వాటిని నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, బాగా ఉడికించి తీరాలి.

పొయ్యి చేసే రెండో పని

మా ఆస్పత్రికి వానాకాలంలో వచ్చే టైఫాయిడ్, కామెర్లు, విరేచనాల కేసుల్లో చాలావాటికి దారి ఒకటే. మలంలోని క్రిమి నీళ్ళమీదుగానో, చేతులమీదుగానో నోటికి చేరుతుంది. మురుగునీళ్ళు పారిన మడిలో పెరిగిన కొత్తిమీర చూడటానికి పచ్చగా నిగనిగలాడుతూనే ఉంటుంది. అలాంటి కూరలమీద బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చు. అవి కడుపులోకి వెళితే పిల్లలుగా మారి, రక్తంలో కలిసి మెదడుకు చేరి మూర్ఛలు తెప్పించగలవు. మాంసం ముట్టనివాళ్ళకు కూడా ఈ జబ్బు వస్తుందంటే కారణం ఇదే. నీళ్ళద్వారా వచ్చే 'ఇ' రకం కామెర్లు నెలలు నిండుతున్న గర్భిణికి సోకితే ప్రాణాపాయం.

భయపడి పచ్చికూరలు మానెయ్యక్కర్లేదు. ఈ అయిదు నియమాలు పాటించండి.

ఒకటి, తరిగేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. డబ్బు లెక్కపెట్టిన చేత్తో, పిల్లవాడికి కడిగిన చేత్తో అలాగే కత్తిపీట ముందు కూర్చోకండి.

రెండు, కూరగాయల్ని తరగకముందే, ధారగా పడే నీళ్ళకింద చేత్తో రుద్ది కడగండి. తొక్క తీయగలిగినవాటికి తొక్క తీయండి. కొత్తిమీరను రెమ్మలు విడదీసి కడగండి. ఆఖరున కాచి చల్లార్చిన నీళ్ళతో ఒకసారి కడగండి. ఉప్పునీళ్ళకు పైనున్న పురుగులు రాలవచ్చు. క్రిములు చచ్చాయనుకోవడం మాత్రం భ్రమ. పసుపు నీళ్ళయినా అంతే.

మూడు, మాంసం, చేప కోసిన కత్తి, చెక్క కడగకుండా దీనికి వాడకండి.

నాలుగు, కలిపిన వెంటనే తినండి. రెండు గంటలు దాటనివ్వకండి. మన మే నెల ఎండల్లో గంటే గడువు. ఆఫీసుకు పట్టుకెళ్ళేవాళ్ళు ఉడికిన శనగలు వేరే డబ్బాలో, కడిగి ఆరబెట్టిన దోసకాయ, టమాటా, నిమ్మకాయ తరగకుండా వేరేగా పట్టుకెళ్ళి, అక్కడే తరుక్కోండి.

అయిదు, పైన చెప్పినవేవీ మన చేతిలో లేనిచోట పచ్చివి తినకండి. బండిమీద మధ్యాహ్నమే తరిగిపెట్టిన ఉల్లిపాయలు, పెళ్ళి బఫేలో ఎప్పుడు కోశారో తెలియని దోసకాయ చక్రాలు ఈ కోవలోవే.

మొలకల సంగతేమిటని అడుగుతారు. మొలకెత్తిన శనగల్లో 'సి' విటమిన్ పెరిగే మాట నిజమే. కాని తడి, వెచ్చదనం మొలకకు ఎంత ఇష్టమో క్రిమికీ అంతే ఇష్టం. 2011లో జర్మనీలో మెంతి మొలకలద్వారా వ్యాపించిన ఒక రకం విరేచనాల జబ్బులో 50 మందికి పైగా చనిపోయారు. అంత శుభ్రత పాటించే దేశంలోనే అలా జరిగింది. మొలకల్ని ఆవిరిమీద పెట్టి, బాగా వేడెక్కనిచ్చి తినడం క్షేమం.

శ్రావణమాసంలో నాలుగిళ్ళనుంచి వచ్చిన వాయనం శనగల విషయమూ అంతే. ఏ ఇంట్లో ఏ నీళ్ళలో నానాయో తెలియదు, కవర్లో తడిగా ఎంతసేపున్నాయో తెలియదు. అది కామెర్ల కాలం కూడాను. వాటిని పచ్చిగా తినకుండా కడిగి, ఉడికించి, తాలింపు వేసి గుగ్గిళ్ళు చేసుకోండి. ప్రసాదానికి అపచారమేమీ లేదు.

ఏదైనా తిన్న తరువాత విరేచనాలు పట్టుకుంటే వెంటనే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగడం మొదలుపెట్టండి. మలంలో రక్తం కనిపించినా, జ్వరం మూడు రోజులు దాటినా, మూత్రం పచ్చబడినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకు చూపించుకోండి.

ఇంత జాగ్రత్త చెప్పాక, ఇంత తతంగం మనవల్ల కాదని వదిలెయ్యకండి. కాచిన నీళ్ళు ఒక బిందెడు, సబ్బుబిళ్ళ ఒకటి, పది నిమిషాల తీరిక. ఇంతకుమించి ఖర్చు లేదు. ఖాళీ కడుపున రెండు టీలు తాగి పనికి పరుగెత్తేవాళ్ళు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే, ఈ రాత్రే ఒక గుప్పెడు శనగలు నానబెట్టండి.