మర్జీనా సంకెళ్ళు

ఆలీబాబా కథ ఎరుగనివారు మన కళాశాలలో ఉండరు. ఉర్దూ విద్యార్థి దానిని 'అలిఫ్ లైలా' పేర విని ఉంటాడు. తెలుగు విద్యార్థి 1970లో విఠలాచార్య తీసిన 'ఆలీబాబా 40 దొంగలు' చలనచిత్రం ద్వారానైనా ఎరిగి ఉంటాడు. ఆ కథలో ఇంటిని కాపాడినది ఆలీబాబా కాదు. అతడు గుహద్వారం తెరిచే మాటను చాటుగా విన్న అదృష్టవంతుడు మాత్రమే. తలుపుపై దొంగ గీసిన సుద్దగుర్తును పసిగట్టి ఇరుగుపొరుగు తలుపులన్నింటిపైనా అదే గుర్తు గీసినది, జాడీలలో దాగిన దొంగలను సలసల కాగే నూనెతో కడతేర్చినది, నృత్యం చేస్తూ దొంగల నాయకుని గుండెలో బాకు దింపినది మర్జీనా అనే బానిస పడుచు. ప్రాణాలు నిలిపినందుకు బహుమానంగా ఆమెకు స్వేచ్ఛ, ఆపైన యజమాని కోడలయ్యే భాగ్యం లభించాయి. ప్రాణాలు నిలపకపోయి ఉంటే? ఈ ప్రశ్నను శతాబ్దాలుగా ఎవరూ అడిగినట్టు లేదు.

అడిగినది ఒక జపాను రచయిత్రి. షినోబు ఓతాకా రచించి చిత్రించిన 'మాగీ' అనే సాహస చిత్రకథ 2009 నుండి 2017 వరకు 'షోనెన్ సండే' వారపత్రికలో ధారావాహికగా వెలువడి 37 సంపుటాలైంది. ఇట్టి చిత్రకథలను అక్కడ 'మాంగా' అంటారు. ఇందులో అల్లావుద్దీన్, ఆలీబాబా, సింద్‌బాద్ ఒకే లోకంలో కలుసుకుంటారు. షహ్రజాద్ సైతం ఉన్నది. అయితే రాత్రికొక కథ చెప్పే రాణిగా కాక, రోము వంటి ఒక సామ్రాజ్యానికి రక్షకురాలిగా! నేలపై మొలిచే మాయాసౌధాలను ఛేదించి జిన్నులను వశపరచుకోవడం ఈ కథకు ఆయువుపట్టు. 'తిలిస్మె హోష్రుబా' చదివిన ఉర్దూ సోదరులకు ఈ తిలిస్మాతు కొత్తేమీ కాదు.

మర్జీనా ఇందులో కాళ్ళకు సంకెళ్ళతో ప్రవేశిస్తుంది. ఆలీబాబా తనకు దక్కిన నిధిని వెచ్చించి ఆమెనే కాదు, ఆమె యజమాని బానిసలందరినీ విడిపిస్తాడు. స్వేచ్ఛ ఇక్కడ సేవకు ప్రతిఫలం కాదు. చివరకు ఆమె ఆలీబాబానే పెండ్లాడుతుంది. అది స్వతంత్రురాలైన స్త్రీ చేసుకున్న నిర్ణయం. మూలకథకూ దీనికీ గల ఈ వ్యత్యాసమే ఈ చిత్రకథను చదువదగినదిగా చేసినదని నా నిశ్చితాభిప్రాయం.

మన కథలను పరాయివారు వికృతపరిచారని ఆక్షేపించేవారున్నారు. 'మన' కథలన్న మాటనే కొంచెం పరీక్షించవలసి ఉన్నది. అల్లావుద్దీన్, ఆలీబాబా కథలు ప్రాచీన అరబ్బీ వ్రాతప్రతులలో లేవు. అలెప్పో నగరవాసి హన్నా దియాబ్ అనే క్రైస్తవ యువకుడు 1709లో పారిస్ నగరంలో ఆంత్వాన్ గలాన్ అనే ఫ్రెంచి పండితునికి వాటిని చెప్పగా, ఆ పండితుడు తన అనువాదంలో చేర్చాడు. ఆ అల్లావుద్దీన్ చీనా దేశపు దర్జీ కొడుకు! సిరియావాసి చెప్పి, ఫ్రెంచివాడు వ్రాసి, చీనాలో జరిగినట్లు కల్పించిన కథను జపాను వనిత తిరగవ్రాస్తే అపచారమెట్లవుతుంది?

సులేమాన్ ప్రస్తావన మాత్రం వేరు. జిన్నులను ఆయన ముద్రతో బంధించుట అరబ్బు కథలలో ఉన్నదే. కాని ముస్లింలు ప్రవక్తగా గౌరవించే ఆయనను వేరొక కల్పితలోకానికి రాజుగా చిత్రించడం కొందరికి కష్టం కలిగించవచ్చును. ఆ బాధను నేను తేలికచేయను. పైగా ఇందులోని జిన్నుల పేర్లు అమోన్, బాల్ వంటివి. యూరపు మంత్రగ్రంథాల నుండి తెచ్చుకున్నవి. అరబ్బీ కథాసాహిత్యంలో జిన్నులకు కొదువా?

బొమ్మల కథ పిల్లల కాలక్షేపమని తీసిపారవేసేవారు బాల్బాద్ నగర ఘట్టం చూడాలి. అసమర్థుడైన రాజు పొరుగు సామ్రాజ్యం వద్ద అప్పులు చేస్తాడు. ఆ సామ్రాజ్యపు కాగితపు నాణెమే నగరంలో చెలామణీ అవుతుంది. తుదకు ప్రజల హక్కులనే తాకట్టు పెట్టి, వారిని బానిసలుగా అప్పగించే పరిస్థితి దాపురిస్తుంది. రాజకుమారుడైన ఆలీబాబా అన్నను దింపి సింహాసనమెక్కడు. రాజరికాన్నే రద్దు చేసి గణతంత్రాన్ని ప్రకటిస్తాడు. ఋణం దేశాలను ఎట్లు కబళిస్తుందో ఇంత సుబోధకంగా చెప్పిన సాహసగాథ నాకు వేరొకటి తారసపడలేదు. చివరి సంపుటాలలో విధిని గూర్చిన చర్చ పెరిగి కథ కుంటుపడిన మాట వాస్తవం. అక్కడ నేనూ పుటలు త్వరగా త్రిప్పాను.

ఈ సంపుటాలన్నీ ఆంగ్లానువాదంలో లభిస్తున్నవి. గ్రంథాలయ సంఘం వారు తొలి పది సంపుటాలనైనా తెప్పించి, బాలసాహిత్యపు అరలో గాక 'అలిఫ్ లైలా' ప్రక్కనే ఉంచవలసినదిగా విన్నవిస్తున్నాను. ఆక్షేపణ ఉన్న పెద్దలే మొదట చదివి, వచ్చే సంచికలో నాకు సమాధానం వ్రాయుదురు గాక.