సిస్టమ్స్ సభకి మీ ప్రతిపాదన ఏదీ?

ఏటా కొన్ని సభలవాళ్ళు పిలుపు పంపిస్తారు. బెర్లిన్‌లో ఆల్ సిస్టమ్స్ గో, బ్రస్సెల్స్‌లో ఫాస్‌డెమ్, మన బెంగుళూరులో ఇండియాఫాస్... అందరూ అడిగేది ఒకటే. "మీరు చేసిన పని గురించి మాట్లాడతారా? ఓ పేరా రాసి పంపండి." ఆ మెయిలు మనందరికీ వస్తుంది, పక్కవాడికి ఫార్వర్డ్ చేస్తాం. నాకు తెలిసినవాళ్ళలో రాసి పంపినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. ఎందుకబ్బా అంటే "మన దగ్గర చెప్పడానికేముంది, మనమేమన్నా కెర్నెల్ రాశామా?" అంటారు.

ఈ మాటతోనే నాకు పేచీ.

అసలు కెర్నెల్ రాసినవాళ్ళలో మనవాళ్ళు లేరని ఎవరన్నారు? లినక్స్ సోర్సులో కేప్రోబ్స్ ఫైలు తెరిచి, పైన ఉన్న వ్యాఖ్యలు చదవండి. 2002 అక్టోబరులో దాన్ని మొదలుపెట్టింది ఐబీఎంలో పనిచేసిన వంశీకృష్ణ అని రాసి ఉంటుంది. నడుస్తున్న కెర్నెల్‌ని ఆపకుండా లోపల ఏం జరుగుతుందో తొంగిచూసే సదుపాయం అది. యూజర్ ప్రోగ్రాములకి అదే పని చేసే యూప్రోబ్స్ ఫైల్లో శ్రీకర్ ద్రోణంరాజు పేరుంటుంది. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది కదా! ఆ కోడు 2012లో 3.5 కెర్నెల్‌లో చేరింది. ఇవాళ ఈబీపీఎఫ్ అంటూ మనం వాడే ట్రేసింగ్ పనిముట్లలో చాలావాటికి ఈ రెండే ఆధారం.

సరే, అందరం కెర్నెల్ రాయలేం, ఒప్పుకుంటాను. కానీ మంచి సిస్టమ్స్ ప్రసంగానికి అది అవసరమే లేదు. 2018లో పోస్ట్‌గ్రెస్ వాళ్ళకి ఏమైందో చూడండి. ఎవరో ఒక వినియోగదారుడి డిస్కులో లోపం వచ్చి డేటా పాడైంది. ఎందుకా అని తవ్వుకుంటూ పోతే తేలిందేంటంటే, ఎఫ్‌సింక్ ఒకసారి విఫలమైతే లినక్స్ ఆ తప్పుని ఒకసారి చెప్పి ఊరుకుంటోంది. మళ్ళీ పిలిస్తే "అంతా బాగుంది" అంటోంది, రాయాల్సిన డేటా డిస్కు మీదకి చేరకపోయినా సరే! ఇరవై ఏళ్ళుగా అందరూ నమ్మిన సంగతి తప్పని తేలింది. 2019 ఫిబ్రవరిలో దాని మీద ఫాస్‌డెమ్‌లో ప్రసంగమూ వచ్చింది, పోస్ట్‌గ్రెస్ సవరణా వచ్చింది. ఇదంతా ఎక్కడ మొదలైంది? ఒకరి డేటా పోవడంతో.

అలాంటి కష్టాలు మనకి లేవా? మాది నెల్లూరు దగ్గర మైపాడు. ఆ తీరంలో ఎటు చూసినా రొయ్యల గుంటలే. రాత్రిపూట నీళ్ళల్లో ఆక్సిజన్ తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున అడుక్కి చేరుతుంది. ఆ టైములో ఏరియేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, గంటల్లో పంట పోతుంది. ఇప్పుడు ఆ ఏరియేటర్లని నడపడానికి ఒక చిన్న లినక్స్ బోర్డు పెట్టారనుకోండి. సరిగ్గా సెట్టింగుల ఫైలు రాస్తుండగా కరెంటు పోయింది. కరెంటొచ్చాక బోర్డు లేచింది, ఫైలు ఖాళీ. ఏది ఎప్పుడు ఆన్ చెయ్యాలో దానికి తెలీదు. కొత్త ఫైల్లో రాసి, ఎఫ్‌సింక్ చేసి, పాతదాని మీదకి రీనేమ్ చేసి, డైరెక్టరీని కూడా ఎఫ్‌సింక్ చెయ్యాలి. ప్రోగ్రాము బిగుసుకుపోతే లేపడానికి వాచ్‌డాగ్ ఉండాలి. ఏదీ తోచని స్థితిలో ఏరియేటర్లు ఆగిపోకుండా తిరుగుతూనే ఉండాలి. నాలుగ్గంటల కరెంటు కోతల మధ్య దీన్ని పరీక్షించి చూసినవాడి దగ్గర అరగంట ప్రసంగానికి సరిపడా సరుకుంది. ఏసీ సర్వర్ రూముల్లో పనిచేసేవాళ్ళకి ఆ సంగతులు ఎవరు చెప్తారు?

చెప్పకపోతే నష్టమేంటంటారా? ఆ పరిష్కారం మన లాప్‌టాప్‌లో ఒక ప్యాచ్‌గా, వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా మిగిలిపోతుంది. మనం ఉద్యోగం మారితే అదీ ఉండదు. ఇంకో ఊళ్ళో ఇంకొకడు అదే గుంట దగ్గర అదే పంట పోగొట్టుకుని మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలి. ఓపెన్ సోర్స్ అంటే డౌన్‌లోడ్ చేసుకోవడమొక్కటే కాదు కదా.

ప్రతిపాదన రాయడం బ్రహ్మవిద్యేం కాదు. ఏం చెడింది, ఎందుకు చెడింది, ఏమేం ప్రయత్నించారు, ఏం కొలిచారు, కోడు ఎక్కడుంది... ఈ అయిదింటికి రెండేసి వాక్యాలు చాలు. "విప్లవాత్మకమైన వేదిక" లాంటి మాటలు తీసెయ్యండి. అవి అమ్మకాలవాళ్ళు రాసుకుంటారు. పని చెయ్యని ప్రయత్నాల్ని దాచకండి, వినేవాళ్ళకి ఎక్కువ ఉపయోగపడేవి అవే.

ఇంగ్లీషు భయం నాకూ తెలుసు. కానీ విషయం ఉంటే చిన్న చిన్న వాక్యాలే ఎక్కువ బాగుంటాయి. కంపెనీ ఒప్పుకోదంటే, లోపాన్ని మాత్రం చూపించే యాభై లైన్ల ప్రోగ్రాము సొంతంగా రాసి, ముందే అనుమతి అడగండి. ప్రయాణం ఖర్చంటారా, ఇండియాఫాస్ మనకి రైలు దూరంలోనే ఉంది. 2023లో డెబియన్ వాళ్ళ ప్రపంచ సభ కొచ్చికే వచ్చింది.

కాదంటే కాదంటారు, పోయేదేముంది? అదే పేరా ఇంకో సభకి పనికొస్తుంది. ఈసారి పిలుపొస్తే ఫార్వర్డ్ చెయ్యకండి, ఆ సాయంత్రమే పది వాక్యాలు రాయండి. చదివిపెట్టేవాళ్ళు లేకపోతే నాకు పంపండి, చదివిపెడతాను.