జామాయిల్ క్లోన్ నంబరు అడగనిదే మొక్క నాటరాదు

ఖమ్మం: పత్తి విత్తనం మోసం చేస్తే రైతు ఒక పంటకాలం నష్టపోతాడు. జామాయిల్ మొక్క మోసం చేస్తే పదేళ్లు దాటి ఆ నష్టాన్ని మోయవలసి వస్తుంది. నాటిన నాలుగైదేళ్లకు మొదటి నరుకు, ఆ మోళ్ల నుంచి లేచే పిలకలతో మరి రెండు నరుకులు తీయడం ఇక్కడి పద్ధతి. అందుచేత మెట్ట రైతుకు మొక్క ఎంపిక చిన్న విషయం కాదు.

లోగడ కర్ణాటకలోని నంది కొండల నుంచి వ్యాపించిన 'మైసూర్ గమ్' గింజల మొక్కలే అంతటా నాటేవారు. ఒకే తోటలో ఒక చెట్టు ఏపుగా, పక్కది గిడసబారి ఉండేది. సంకర చెట్టు గింజకు తల్లి గుణాలన్నీ రాకపోవడమే ఇందుకు కారణం. ఈ లోపం సరిదిద్దడానికి సారపాక కాగితపు మిల్లు 1989లో క్లోన్ల పని చేపట్టింది. నిటారుగా, తెగులు లేకుండా పెరిగిన మేలైన చెట్లను ఎంచి, నరికి, వాటి పిలకల కొమ్మలకు వేళ్లు పుట్టించి మొక్కలు తయారుచేశారు. గింజల తోటల్లో హెక్టారుకు ఏటా 6 నుంచి 10 ఘనపు మీటర్ల కలప రాగా, మంచి క్లోన్లతో వర్షాధారంగానే 20 నుంచి 25 ఘనపు మీటర్లు వచ్చింది.

అన్ని నేలలకూ ఒకటి కాదు

అయితే ఎర్ర చల్కలో రాణించిన క్లోన్, సున్నం పాలు ఎక్కువైన నల్లరేగడిలో ఆకులు పసుపెక్కి కుంగిపోవచ్చు. నీటి వసతిగల చోట మొదటి ఏడాది కనబరచిన జోరును చూసి వానపై ఆధారపడే చేనుకు మొక్క ఎంచడం పొరపాటు. మూడు, నాలుగు సంవత్సరాల ఎదుగుదలను, ఎండను తట్టుకున్న తీరును చూడాలి. అంతర పంట వేసుకోదలచిన రైతు సన్నని గొడుగు గల క్లోన్‌నే కోరాలి. వరుసల మధ్య 6 మీటర్లు, మొక్కల మధ్య మీటరు ఎడం ఇస్తే హెక్టారుకు పట్టే మొక్కలు 1,666. 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంలోనూ అంతే. కాని మొదటి పద్ధతిలో అంతర పంటకు చోటు మిగులుతుంది.

ఒకే క్లోన్‌తో ముప్పు

క్లోన్ మొక్కలన్నీ ఒకే అచ్చు గనుక ఒకదానికి సోకిన చీడ అన్నిటికీ సోకే ప్రమాదం ఉంది. ఆకు ఈనెలపై, లేత కొమ్మలపై బుడిపెలు కట్టించే చిన్న కందిరీగ జాతి పురుగు 2001లో కర్ణాటకలోని మాండ్యా ప్రాంతంలో కనిపించి, దక్షిణాది తోటలను దెబ్బతీసింది. కొన్ని క్లోన్లు దానికి తేలికగా లొంగగా, మరికొన్ని తట్టుకున్నాయి. పొలంలో మూడు, నాలుగు రకాలను వేరువేరు మడులుగా నాటడమే విజ్ఞత.

1966 నాటి విత్తనాల చట్టం ఆహార పంటలు, పత్తి, పశుగ్రాసం, జనుములకే పరిమితమై, కలప మొక్కలను వదిలేసింది. కనుక నర్సరీలు బిల్లుపై క్లోన్ నంబరు రాసి ఇచ్చేలా ఒత్తిడి తేవలసింది రైతులే. నాటేముందు నేల లోతు, సున్నం, క్షార గుణం పరీక్ష చేయించుకోవాలి. ఏ నేలలో ఏ క్లోన్ ఎంత దిగుబడి ఇచ్చిందో అటవీ, వ్యవసాయ శాఖలు, కలప కొనే కంపెనీలు మండలాలవారీగా రైతు వేదికల్లో ప్రకటించాలి. ఆ వివరాలు కంపెనీల దస్త్రాల్లోనే ఉండిపోతే, వాటి లోటుకు మూల్యం చెల్లించేది మెట్ట రైతే.