ఆగకూడని వేళ ఆగిపోయే యంత్రం

భిలాయి పేరు వినగానే రైల్వే ఉద్యోగికి ముందుగా స్ఫురించేవి రైలు పట్టాలు. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ కర్మాగారం తయారుచేసిన పట్టాల మీదనే దశాబ్దాలుగా మన బండ్లు నడుస్తున్నాయి, మన టపా సంచులు ప్రయాణిస్తున్నాయి. ఉత్తరాంధ్ర నుండి వలసవెళ్ళిన తెలుగు కుటుంబాలు ఆ ఉక్కునగరంలో తరాల తరబడి స్థిరపడి ఉన్నాయి. కనుక అక్కడి యంత్రాల మంచిచెడ్డలు మనకు సంబంధం లేని విషయాలు కావు.

బ్లాస్ట్ ఫర్నేస్ దీపం వంటిది కాదు, కావలసినప్పుడు ఆర్పి మళ్ళీ వెలిగించుకోవడానికి. రాత్రింబవళ్ళు మండే ఆ కొలిమి గోడలను, గాలి ఊదే రాగి గొట్టాలను అనుక్షణం నీటితో చల్లబరుస్తూ ఉండాలి. విద్యుత్తు పోయి పంపులు నిలిచిపోతే కొద్ది నిమిషాలలోనే గొట్టాలు కాలిపోతాయి. నీరు లోపలికి చొరబడితే ప్రేలుడు ప్రమాదం కూడా ఉన్నది. అందువల్లనే ఇటువంటి కర్మాగారాలలో ఎత్తైన నీటి ట్యాంకులు, డీజిలు పంపులు, అత్యవసర జనరేటర్లు ఏర్పాటు చేస్తారు. సహాయక ఏర్పాటు అనిపించుకునే ఒక్క నీటి పంపు దెబ్బతింటే ఏమవుతుందో భిలాయి 2014 జూన్ 12న చూసినది. పంపుహౌస్‌లో నీటి ఒత్తిడి పడిపోయినది. నీరు అడ్డుకొనవలసిన ఫర్నేస్ గ్యాసు వెనుకకు మళ్ళి వచ్చినది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు మరణించారు, వారిలో ఉన్నతాధికారులు కూడా ఉన్నారు. ముప్పైమందికి పైగా అస్వస్థులైనారు. ఆనాటి దోషం జనరేటరుది కాదు, ఆ సంగతి స్పష్టంగానే చెబుతున్నాము. ప్రధాన యంత్రం మీద ఉన్న శ్రద్ధ దానిని కాపాడే చిన్న యంత్రం మీద లేకపోతే మూల్యం ప్రాణాలతో చెల్లించవలసి వస్తుందని చూపడానికే దానిని ప్రస్తావించాము.

ఇక మన కార్యాలయాల సంగతి. స్టేషను వెనుక రేకుల షెడ్డులోనో, తపాలా కార్యాలయం మెట్ల క్రిందనో ఒక జనరేటరు ఉంటుంది. వారానికొకసారి ఎవరో వచ్చి అయిదు నిమిషాలు నడిపి, పుస్తకంలో ‘సరిగా ఉన్నది’ అని వ్రాసి వెళ్ళిపోతారు. ఆ అయిదు నిమిషాలలో దాని మీద ఒక్క బల్బు భారం కూడా వేయరు. బరువు లేకుండా నడిచిన ఎద్దు బండి లాగగలదని ధ్రువపత్రం ఇచ్చినట్లున్నది ఈ పరీక్ష! నిజంగా కరెంటు పోయిన రాత్రి అది పది నిమిషాలు నడిచి ఆగిపోతే, మరునాడు సంజాయిషీ కోరుతూ మెమో వచ్చేది మాత్రం ఆ పూట డ్యూటీలో ఉన్నవారికే.

ఎందుకు ఆగుతుంది? చాలా సందర్భాలలో ఇంజను చెడిపోయి కాదు, ఇంధనం అందక. డీజిలు కలకాలం నిలువ ఉండే వస్తువు కాదు. నెలల తరబడి కదలకుండా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది, ఆ నీటిలో సూక్ష్మజీవులు పెరిగి జిగట పదార్థంగా మారతాయి. ఇంజను పూర్తి భారంతో నూనె లాగినప్పుడే ఆ మడ్డి కదలి ఫిల్టరుకు అడ్డుపడుతుంది. ట్యాంకు పూర్తిగా ఖాళీ అయితే మరొక చిక్కు. గొట్టాలలోకి గాలి చేరుతుంది, ఆ గాలి తీయనిదే కొత్త డీజిలు పోసినా ఇంజను అందుకోదు. గాలి తీయడం తెలిసిన మనిషి ఆ రాత్రి అక్కడ ఉన్నాడా అన్నదే ప్రశ్న.

పరిమాణం మాట కూడా చెప్పుకోవాలి. వెయ్యి లీటర్లకు మించిన పాత్రలో డీజిలు నిలువ చేయాలంటే 1934 నాటి పెట్రోలియం చట్టం క్రింద లైసెన్సు కావాలి. అందువల్ల చాలాచోట్ల 990 లీటర్ల ట్యాంకుతో సరిపెట్టుకుంటారు. 250 కె.వి.ఎ. జనరేటరు పూర్తి భారం మీద గంటకు సుమారు 50 లీటర్లు త్రాగుతుంది. అంటే ట్యాంకు నిండుగా ఉన్నా ఒక పగలూ ఒక రాత్రీ పూర్తిగా గడవదు. సగమే ఉంటే? ఇండెంటు ఆమోదం పొంది, టెండరు ముగిసి, డీజిలు వచ్చేసరికి తెల్లవారుతుంది, ఆ తెల్లవారేది ఏ రోజో చెప్పలేము.

రెండవ కారణం, మేము ముఖ్యంగా చర్చించదలచినది, ట్రిప్పులు. ఇంజను నూనె ఒత్తిడి తగ్గినా, చల్లబరచే నీరు వేడెక్కినా, వేగం హద్దు మీరినా యంత్రాన్ని తనంత తానే ఆపివేసే ఏర్పాట్లు ఇవి. మంచివే. బేరింగులు అరిగి కరిగిపోకముందే ఇంజను దక్కుతుంది. కాని ఒక మీట పాడై అబద్ధపు సూచన పంపినా ఇంజను ఆగుతుంది. డీజిలును విడుదల చేసే విద్యుత్ కవాటానికి తీగ ఊడినా, కొన్ని రకాలలో, ఇంజను ఆగుతుంది. ఆగిన తరువాత బోర్డు మీద తాళం పడుతుంది, కారణం సరిచేసి రీసెట్ చేయనిదే తిరిగి నడవదు. ఇది తెలియని కాపలాదారు స్టార్టు బొత్తామును పదేపదే నొక్కుతూ బ్యాటరీని కాస్తా ఖాళీ చేస్తాడు.

ఈ ట్రిప్పులు కాపాడుతున్నది ఎవరిని? యంత్రాన్ని. యంత్రాన్ని కాపాడుకునే పనిలో దాని మీద ఆధారపడిన మనుషులను వదలివేయవలసి వచ్చినప్పుడు ఏది ముందు?

2012 అక్టోబరు 29న అమెరికాలోని న్యూయార్కు నగరంపై శాండీ తుపాను విరుచుకుపడినది. ఆ రాత్రి లాంగోన్ ఆసుపత్రిలో జనరేటర్లు పై అంతస్తులలో భద్రంగానే ఉన్నాయి. కాని ఇంధనపు ట్యాంకు ఉన్న నేలమాళిగలోకి నీరు చేరగానే అక్కడి సెన్సారు తన ధర్మం తాను నిర్వర్తించి డీజిలు పంపును ఆపివేసినది. ఆసుపత్రి చీకటిలో మునిగినది. మూడువందల మందికి పైగా రోగులను, పసికందులతో సహా, మెట్ల మీదుగా మోసుకొని దింపవలసి వచ్చినది. దగ్గరలోనే ఉన్న బెల్‌వ్యూ ఆసుపత్రిలోనూ క్రింది పంపులు మునిగిపోగా, ఉద్యోగులు, సైనికులు వరుసకట్టి పదమూడవ అంతస్తులోని జనరేటర్ల వద్దకు డీజిలును చేతులతో అందించారు. ఎంత సంపన్న దేశమైనా చివరకు ఆదుకున్నది మనిషి చేయి.

మన దేశంలో అదే సంవత్సరం జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు గ్రిడ్లు కూలిపోయి, వందలాది బండ్లు దారిలో నిలిచిపోయాయి. బెంగాలులో సుమారు 200 మంది బొగ్గుగని కార్మికులు గంటల తరబడి భూగర్భంలో చిక్కుకుపోయారు. ఛత్తీస్‌గఢ్ పశ్చిమ గ్రిడ్డులో ఉన్నందున భిలాయికి ఆ గండం తప్పినది. ప్రతిసారీ తప్పుతుందన్న హామీ లేదు.

యాజమాన్యాల వాదనలో కొంత న్యాయం లేకపోలేదు. లక్షల రూపాయల ఇంజను నూనె లేక బిగుసుకుపోతే ఆ రాత్రికే కాదు, ఆరు నెలలకు కూడా కరెంటు ఉండదని వారంటారు. నిజమే. అందుకే అన్నిచోట్లా ట్రిప్పులు తీసివేయమని మేము అనడం లేదు. తపాలా కార్యాలయంలో కంప్యూటర్లకు కరెంటిచ్చే జనరేటరు ఆగితే ఖాతాదారులు విసుగుపడతారు, ప్రాణాలు పోవు. అక్కడ అన్ని ట్రిప్పులూ ఉండనివ్వండి. సిగ్నళ్ళకు బ్యాటరీల అండ కొన్ని గంటలు ఉంటుంది, అక్కడా ఇంజనును కాపాడుకోవచ్చు. ఆసుపత్రి ఆపరేషను గది, అగ్నిమాపక పంపు, ఫర్నేసుకు నీరిచ్చే పంపు వేరు. అగ్నిమాపక డీజిలు ఇంజను విషయంలో అంతర్జాతీయంగా పాటించే పద్ధతి ఉన్నది. వేగం హద్దు మీరితే తప్ప అది తనంత తాను ఆగకూడదు. మిగిలిన లోపాలకు గంట మాత్రమే మ్రోగాలి. ఇంజను కాలిపోయినా సరే, మంట ఆరాలి. అణువిద్యుత్ కేంద్రాల అత్యవసర జనరేటర్లలో కూడా అనేక ట్రిప్పులను ఇదే విధంగా ప్రక్కకు తప్పిస్తారు.

అయితే గంట మ్రోగితే వినడానికి మనిషి ఉండాలి కదా! ఇక్కడే మా అసలు ఫిర్యాదు. జనరేటరు ఆటోమేటిక్ అయినది గనుక ఆపరేటరు పోస్టు అక్కరలేదని తీర్మానిస్తారు. యంత్రం దానంతట అదే నడుస్తుందన్నారు గాని, దానంతట అదే ఆగుతుందన్న సంగతి ఎవరూ చెప్పలేదు. పవర్ కారులో ప్రయాణించిన మన రైల్వే సోదరులకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పనవసరం లేదు. శబ్దంలో వచ్చిన మార్పును బట్టి ఫిల్టరు అడ్డుపడుతున్నదని గ్రహించి, ఇంజను ఆగకముందే రెండవ సెట్టు మీదకు భారం మార్చేది వారే.

కనుక నెలకొకసారి మెయిన్ స్విచ్ తీసి, నిజమైన భారంతో, కనీసం ఒక గంట పరీక్ష జరగాలని, ట్యాంకు అడుగున నీరు తీసిన తేదీ, బ్యాటరీ స్థితి, మిగిలిన డీజిలు లాగ్ బుక్‌లో ఎక్కాలని, ఏ ట్రిప్పు ఇంజనును ఆపుతుందో, ఏది గంట మాత్రమే మ్రోగిస్తుందో తెలిపే పట్టిక తెలుగులోనూ హిందీలోనూ బోర్డు ప్రక్కన అంటించాలని కోరుతున్నాము. ఈ పట్టిక తయారు చేసేటప్పుడు రాత్రి డ్యూటీ చేసేవారిని సంప్రదించాలి. వచ్చే బ్రాంచి సమావేశానికి రాబోయే సభ్యులు తమ తమ కార్యాలయాలలో జనరేటరు చివరిసారిగా భారం మోసిన తేదీ ఏదో లాగ్ బుక్ చూసి వ్రాసుకొని రావలసినదిగా మనవి.