బోర్డు సరే, చెడిపోతే బాగుచేసేదెవరు?

మన ఊరి వాట్సాప్ గ్రూపులో మళ్లీ చందాల లిస్టు మొదలైంది. హైస్కూల్లో ఇంకో గదికి డిజిటల్ బోర్డు, తలా వంద డాలర్లు. నేనింకా పేరు రాయలేదు. పిసినారి అనుకునే ముందు కాస్త చదవండి.

2017 ప్రాంతంలో ఆంధ్రాలో ఎన్నారైల చందాలు, ప్రభుత్వ డబ్బు కలిపి సర్కారు బడుల్లో డిజిటల్ క్లాసురూములు పెట్టారు, గుర్తుందిగా. ఆ ఊపులోనే మనమూ సొంతంగా డబ్బులేసుకుని ఒక గదికి ప్రొజెక్టర్ పెట్టించాం. కొబ్బరికాయ కొట్టిన ఫొటో చూసి ఎంత పొంగిపోయానో! పోయిన సంక్రాంతికి ఊరెళ్తే దాని మీద పాత దుప్పటి కప్పి ఉంది. బల్బు పోయి రెండేళ్లట. "ఎవర్ని అడగాలో తెలీలేదు బాబూ" అన్నారు లెక్కల మాస్టారు. ఆయన్ని ఏమనగలం? మనం వస్తువు ఇచ్చాం, ఫోన్ నంబర్ ఇవ్వలేదు.

ఇక్కడ పిస్కాటవేలో నా ఉద్యోగమే అది. మీటింగ్ రూముల్లో స్క్రీన్లు, కేబుళ్లు చూసుకోవడం. పది నిమిషాలు బొమ్మ రాకపోతే టికెట్ వచ్చేస్తుంది, తింటున్న అన్నం వదిలేసి పరిగెత్తాలి. మా పాప క్రోమ్‌బుక్‌లో కీ ఊడిపోతే బడిలో ఇచ్చి వేరేది తెచ్చుకుంది. ఇక్కడి మిషన్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాటి వెనక జీతం తీసుకునే మనిషి ఒకడున్నాడు, అంతే తేడా.

కరోనాలో చూడండి. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు వేశారు. టీవీ లేని పిల్లలు నష్టపోయారు, నిజమే. కానీ టీవీ చెడితే బాగుచేసేవాడు దగ్గర్లో ఎవడో ఒకడు దొరుకుతాడు. పాత వస్తువుకున్న బలం అది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రాలో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలున్న ట్యాబులు పంచారు. 2024కి ఆ కంపెనీయే దివాలా కేసులో పడింది. పిల్లల పాఠం ఒక కంపెనీ బాగోగుల మీద ఆధారపడటం నాకైతే నచ్చదు.

టెక్నాలజీ వద్దనట్లేదు నేను. గుండె రక్తాన్ని ఎలా తోస్తుందో సుద్దముక్కతో గంటసేపు గీసినా అర్థం కానిది, రెండు నిమిషాల వీడియోలో తెలుస్తుంది. ఆ వీడియో ఎక్కడ ఆపి ప్రశ్న అడగాలో మాత్రం సైన్స్ టీచరుకే తెలుసు. బోర్డు ఏ సైజు అని మనం గ్రూపులో కొట్టుకుంటున్నాం గానీ, ఆ మేడమ్‌ని ఒక్కసారైనా అడిగామా?

నా మాట ఇది. ముందు ఆ పాతదానికి బల్బు వేయిద్దాం. కరెంటు పోతే ఆగకుండా ఇన్వర్టర్ పెడదాం. నెట్ లేకపోయినా నడిచేలా టీచర్లు అడిగిన పాఠాలు పెన్‌డ్రైవ్‌లో వేసిద్దాం. టౌన్లో రిపేర్ షాపు కుర్రాడికి ఏడాదికింత అని మాట్లాడి, మూడేళ్ల డబ్బు విడిగా పెడదాం. అలాగైతే నా పేరు మీద రెండొందలు రాసుకోండి. శనివారం రాత్రి తొమ్మిదికి కాల్ పెడుతున్నా. వాళ్లకి ఆదివారం పొద్దున్నే అయినా హెడ్‌మాస్టారు, సైన్స్ మేడమ్ వస్తామన్నారు. ఆ రోజు షిఫ్ట్ ఉన్నోళ్లు బ్రేక్‌లోనైనా కలవండి.