అభయారణ్యపుటంచున సేద్యము

కృష్ణానది సముద్రమును గలియు తావున నేలకును కడలికిని నడుమ మడ అడవి పచ్చని ప్రాకారమువలె నిలిచియున్నది. రేపల్లె దిక్కున లంకెవానిదిబ్బ మొదలుకొని ఆవలి యొడ్డున నాగాయలంక వరకును వ్యాపించిన యీ యడవులలో 194.81 చదరపు కిలోమీటర్ల మేర కృష్ణా అభయారణ్యమై యున్నది. అందు బావురుపిల్లి తిరుగాడుచున్నది. ఆ పాయలలో చేపలు, పీతలు పట్టి యానాదులు పొట్ట పోసికొనుచున్నారు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనలో దివిసీమ ప్రాంతమున సుమారు పదివేలమంది అసువులు బాసిరి. అట్టి ఉప్పెన వచ్చినప్పుడు కెరటముల పోటును మందగింపజేయునది మడచెట్ల గుంపే. కనుక ఈ యడవిని కాపాడవలెనా యను ప్రశ్న యిపుడు మిగిలియుండలేదు. కాపాడవలసినదే.

మిగిలియున్న ప్రశ్న వేరు. ఆ యడవిచెంతనే వరిచేలు గలవు. ఆ చేలు దున్ను రైతు రసాయనపు టెరువులను, పురుగుమందులను విడనాడవలెనని కొందరు. విడనాడినచో వాని కుటుంబము పస్తుండునని మరికొందరు. తెనాలి, బాపట్ల పట్టణముల పఠనమందిరములలో నీ వాదము నడుచుచునే యున్నది. మా యభిప్రాయ మిది: అడవి యంచున మందులులేని సేద్యము మంచిదే, మంచిదగుటయేగాదు, అవసరమును. కాని దాని నష్టభారమునంతయు నా యంచుననున్న కౌలురైతు నెత్తిన నుంచుట న్యాయము కాదు. అట్లుంచినచో రైతును నిలువడు, అడవియు నిలువదు.

మొదట నీరు పోవు దారిని చూతము. ప్రకాశము బ్యారేజినుండి బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలువలు తెనాలి, బాపట్ల, రేపల్లె మొదలగు ప్రాంతములలో సుమారు 5.7 లక్షల యెకరములను తడుపుచున్నవి. చేలు త్రాగి విడిచిన నీరు మురుగుకాలువలలోనికి దిగి సముద్రమువైపు సాగుచున్నది. వరికి వేసిన నత్రజనిలో సగమునకు మించినది పైరునకు చేరక గాలిలోనికిని నీటిలోనికిని పోవుచున్నదని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా తెనాలి పొలములో చల్లిన యూరియాయు, పిచికారి చేసిన మందును కొంత కొంతగా దిగువకు చేరుచున్నవన్నమాట. ఎగువ నందరును యథేచ్ఛగా చల్లుచుండగా, దిగువ కొసనున్న రెండెకరముల వానిని మాత్రము పట్టి నీవు చల్లరాదనుట యెట్టి ధర్మము? అడవికి హద్దు రాళ్లు పాతవచ్చునుగాని నీటికి హద్దు రాళ్లు పాతుటెట్లు?

రైతు మందుల దారి పట్టినది మూర్ఖత్వముచేత కాదు. మన డెల్టాలో వరి కోతకు కొలది దినములు ముందుగా తడిచేనిలో మినుములు చల్లుట చిరకాలపు వాడుక. ఎరువుతో పనిలేక, మంచు తేమతోనే ఆ పైరు పండెడిది. పండి నేలకు బలమిచ్చెడిది. పల్లాకు తెగులు, బంగారుతీగ వచ్చి మినుమును దెబ్బతీసిన పిమ్మట పెక్కు గ్రామములలో ఆ స్థానమును మొక్కజొన్న యాక్రమించినది. మొక్కజొన్న బస్తాలకొలది యూరియాను కోరు పంట. ఇక వరి సంగతి. 1986లో బాపట్లనుండి వెలువడి దేశమెల్లెడల మన్ననలందిన సాంబ మసూరి అన్నమునకు మేలైనదే గాని, అగ్గితెగులునకును ఎండాకు తెగులునకును సులభముగ లోబడునది. సన్నబియ్యము కోరునది పట్టణవాసి; దానిని కాపాడుటకు మందు కొనునది రైతు.

ధరల సంగతి యింకను విచిత్రము. 45 కిలోల యూరియా బస్తాను రైతునకు 266 రూపాయల 50 పైసల కిచ్చి, మిగిలిన ఖరీదును కేంద్ర ప్రభుత్వమువారు ఖజానానుండి భరించుచున్నారు. పేడ బండికి గాని, జీలుగ విత్తనము చల్లి కలియదున్నిన వాని శ్రమకు గాని యా తీరున రాయితీ యేదీ? ఒక త్రాసులో బరువుంచి, రెండవ త్రాసును ఖాళీగ విడిచి, రైతు ఒక ప్రక్కకే మొగ్గుచున్నాడని నిందించుట సరికాదు.

మందులులేని సేద్యము పగటికల యనువారితోడను మేము ఏకీభవింపజాలము. 2016లో మన రాష్ట్రమున రైతు సాధికార సంస్థవారి యాజమాన్యమున ఆరంభమైన ప్రకృతి సేద్యపు టుద్యమము నేడు లక్షలాది రైతులను చేరినది. 2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ పురస్కారమున నొక భాగ మీ యుద్యమమునకు లభించినది. దాని పద్ధతి సామాన్యమైనది. పది కిలోల పేడ, పది లీటర్ల గోమూత్రము, రెండేసి కిలోల బెల్లమును పప్పుపిండియు, పిడికెడు గట్టుమన్ను 200 లీటర్ల నీటిలో కలిపి పులియబెట్టిన జీవామృతము ఎకరమునకు సరిపోవునని దీనిని బోధించువారు చెప్పుచున్నారు. దుకాణమున అప్పుపెట్టి తెచ్చు సరకు తగ్గుటయే యిందలి మొదటి లాభము. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిరైతులు తెల్లదోమకు మందుమీద మందు కొట్టి, అప్పులపాలై, కొందరు ప్రాణములే తీసికొనిరి. ఆ దినములను మరువనివారెవ్వరును అప్పులేని సేద్యమును తేలికగ త్రోసిపుచ్చరు.

అయినను కష్టములను దాచి ప్రచారము చేయుట సేవ కాదు. ట్రాక్టరు వచ్చిన వెనుక పల్లెలలో పశువులు తగ్గినవి. ఆవులేనివాడు పేడను కొనవలెను. కషాయములు కాచుటకును, కలుపు తీయుటకును కూలి యెక్కువ. సముద్రపుటంచున నేల చవుడు దేరినది. చవుటినేలకు జీలుగయు, పచ్చిరొట్టయు వేసి బాగుచేసికొనుటకు ఏండ్లు పట్టును. మందులకు అలవాటుపడిన నేలలో మొదటి ఒకటి రెండు కార్తులు దిగుబడి తగ్గుటయు కలదు. పది యెకరముల సొంతదారు ఆ తరుగును తట్టుకొనగలడు. అస్వామికుడైన కౌలుదారు తట్టుకొనలేడు.

బలవంతపు ఆజ్ఞలవలన నేమగునో పొరుగుననున్న లంక చూపినది. 2021 వసంతమున ఆ దేశ ప్రభుత్వము రసాయనపు టెరువుల దిగుమతిని ఒక్క కలముపోటుతో నిషేధించెను. వరి దిగుబడి పడిపోయెను. తేయాకు తోటలు దెబ్బతినెను. అదే సంవత్సరము నవంబరు నాటికి ఆజ్ఞను సడలింపవలసివచ్చెను. మన దేశముననే సిక్కిము 2003లో సేంద్రియ సేద్యమునకు సంకల్పించి, 2016లో దానిని పూర్తిచేసినట్లు ప్రకటించెను. అదియును మొదటినుండి రసాయనముల వాడుక తక్కువగానున్న కొండసీమ. మన డెల్టాతో సరిపోల్చదగినది కాదు. అట్టిచోటనే పదుమూడేండ్లు పట్టినపుడు, మూడు కార్తులలో రేపల్లెను మార్చివేయుదుమనుట అతిశయోక్తి యగును.

ఇక న్యాయవాదిగ మాకు ముఖ్యముగ దోచు సంగతిని మనవిచేయుదుము. సేంద్రియ పంట యని ముద్రవేసి మంచిధరకు అమ్ముకొనవలెనన్న నేల శుద్ధికావలెను. జాతీయ సేంద్రియ ఉత్పత్తి నియమముల ప్రకారము సామాన్యముగ వార్షిక పంటలకు విత్తుటకు ముందు రెండేండ్లు, తోటలకు మూడేండ్లు ఆ నేలలో రసాయనము పడియుండరాదు. మన ప్రాంతమున చేను దున్నువారిలో పెక్కుమంది కౌలుదార్లు. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టము క్రింద కౌలుదారునకిచ్చిన పత్రమున కాయువు పదునొకండు నెలలు. దానికిని భూస్వామి సంతకము కావలెను. పత్రము వ్రాసియిచ్చినచో భూమి చేజారునన్న శంకతో సంతకము చేయని యజమానులు కొల్లలు. పదునొకండు నెలల కౌలుతో రెండేండ్ల శుద్ధి యెట్లు పూర్తియగును? ఈయేడు కౌలుదారు పేడతోలి, పచ్చిరొట్ట కలియదున్ని నేలను బాగుచేసినచో, మరుసటియేడు ఆ బాగుపడిన చేనికి ఎక్కువ కౌలిచ్చు వేరొకడు వచ్చును. శ్రమ యొకనిది, ఫల మొకనిది. ఇట్టి యేర్పాటు నడుమ రైతు చవకయైన బస్తావైపు చేయిచాచినచో తప్పెవ్వరిది?

దీనికంటెను గొప్ప యపాయము మరియొకటి కలదు. అడవి యంచున పోటీ నిజముగ రెండువిధములైన వరుల నడుమ కాదు; వరికిని రొయ్యల చెరువునకును నడుమ. వరి గిట్టనినాడు యజమాని భూమిని చెరువునకు కౌలుకిచ్చును. ఉప్పునీరు తోడి పెట్టిన చెరువు ప్రక్కనున్న చేనును చవుడు చేయును. ఆ చేనివాడును ఓడి చెరువు త్రవ్వును. ఈ బాధ దేశమంతట పెరిగినందుననే 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టువారు సముద్రతీరపు రొయ్యల చెరువులపై కఠినమైన తీర్పు చెప్పిరి. 2005లో పార్లమెంటు దానికొక ప్రత్యేక చట్టమునే చేసి అనుమతుల పద్ధతి నేర్పరచెను. కొల్లేటి కథయు మనకు దూరము కాదు. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగ ప్రకటించునాటికే ఆ సరస్సులో చేపల చెరువుల గట్లు లేచియుండెను. 2006లో వానిని ప్రేలుడు మందులతో పగులగొట్టవలసివచ్చెను. గట్లు పోయినవి, పేదల అప్పులు మిగిలినవి. వరిరైతును ముందుగ నిలబెట్టనిచోట అడవికి కలుగు గతి యిట్టిది. మడ అడవికి అసలైన కావలివాడు అటవీశాఖ బంట్రోతు కాదు; ప్రక్కచేనిలో వరి పండించుచు, చెరువు త్రవ్వనివ్వనివాడు.

చట్టములో దారి లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అభయారణ్యములోపల సయితము పూర్వపు హక్కులను విచారించి కొనసాగింప కలెక్టరునకు అధికార మిచ్చియున్నది. రక్షిత ప్రాంతముల చుట్టు నుంచు సున్నిత మండలములనుగూర్చి 2011లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకములలో సేంద్రియ సేద్యమును ప్రోత్సహింపవలసినదిగ చెప్పబడినదేగాని, సేద్యమునే మాన్పుమని చెప్పబడలేదు. ప్రతి రక్షితవనమునకు ఒక కిలోమీటరు మండలముండవలెనని 2022 జూనులో సుప్రీముకోర్టువారు చెప్పిన తీర్పునుగూడ, స్థానికుల యిక్కట్టులను విని, 2023 ఏప్రిలులో సడలించిరి. న్యాయము మన్నించిన యీ సూక్ష్మమును పాలకులు మరువరాదు.

అడవి పేరిట పేదవానిని పీడించినచో నేమగునో మన జిల్లా చరిత్రయే చెప్పుచున్నది. 1921లో పల్నాటి రైతులు పుల్లరి కట్టనని నిలిచిరి. 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ రైతులు అడవికి శత్రువులు కారు. అడవి మేలుతోబాటు తమ బ్రదుకునుగూడ లెక్కింపుమని మాత్రమే వారడిగిరి. నేటి పాలకులు పరదేశీయులు కారు. కనుక ఆ లెక్కను తప్పక కట్టవలసినవారు.

కర్తవ్య మేమి? అడవి యంచు గ్రామములలో సేద్యము మార్చుకొను కౌలుదారునకు మూడేండ్లకు తగ్గని వ్రాతపూర్వకమైన కౌలు నిచ్చి, యజమాని హక్కునకు భంగము లేదని ఆ పత్రముననే స్పష్టపరుపవలెను. మొదటి రెండేండ్ల దిగుబడి తరుగును ఖజానా భరింపవలెను. 2024 నవంబరులో 2,481 కోట్లతో ఆమోదింపబడిన జాతీయ ప్రకృతి సేద్యపు పథకమునుండి యిట్టి గ్రామములకు మొదటి వాటా అడుగుట మన ప్రతినిధుల విధి. మందుల తగ్గింపు అడవి కొసనుండి కాక, ఎగువ తెనాలినుండియే యారంభింపవలెను. 1945లో వెలసిన బాపట్ల వ్యవసాయ కళాశాల చవుటినేలకు తగినదియు, తెగులునకు లోబడనిదియు నగు సన్నరకమును, పల్లాకు తెగులును తట్టుకొను మినుమును ఈ గ్రామముల చేలలోనే రైతుల యెదుట పరీక్షించి చూపవలెను. అనుమతిలేని చెరువును త్రవ్వినవాడు ఎంత పెద్దవాడైనను చట్టమునకు జవాబు చెప్పవలెను.

కొనువారును సిద్ధము కావలెను. తిరుమల దేవస్థానమువారు 2021లో ప్రకృతి సేద్యపు పంటలను కొనుటకు పూనుకొనిరి. ఆ మార్గమున మన పాఠశాలల మధ్యాహ్న భోజనమునకును, వసతిగృహములకును, సత్రములకును ఈ గ్రామముల బియ్యము, మినుములు కొనరాదా? రైతు ముంగిటనే ధర నిర్ణయమైన పిదప, చేనిలో ఏమి వేయవలెనో వానికి ఇతరులు బోధింపనక్కరలేదు.

పట్టణవాసులారా, ఉప్పెన వచ్చిననాడు మడచెట్టు కడలి యొడ్డువానినేగాక దాని వెనుకనున్న చేనును, కాలువను, బజారునుగూడ కాపాడుచున్నది. 2023 డిసెంబరు 5న బాపట్ల చెంత తీరము దాటిన తుపాను కోతకువచ్చిన వరిని నేలపాలు చేసినది మీరెరుగుదురు. అడవివలన మేలు మనకందరకును. ఖర్చునుగూడ అందరము పంచుకొందము. మీ పఠనమందిరములో నీ వారము సభ చేసి, మూడేండ్ల కౌలుపత్రమును కోరుచు నొక తీర్మానమును కలెక్టరునకు పంపుడు. అడవి యంచున దున్ను కౌలురైతును ఆ సభకు పిలిచి మొదట మాటాడనిండు.